ఆ బుడ్డిలో ప్రాణం వచ్చిందా?

ఈ వారం వాయులింగం వీడియో చూశారు కదా. దానికి తోడుగా నా మనసులో ఉన్న ఒక మాట.

మాది రేణిగుంట. తాత పోయిన పదకొండో రోజున అవ్వ "మీ తాత ప్రాణం గాల్లో కలిసిపోయింది నాయనా" అనింది. ఇంజినీరింగ్ చదివిన పొగరు కదా, "ప్రాణం గీణం ఏం లేదవ్వా, అంతా కెమిస్ట్రీనే" అనేశాను. అంతటితో ఆగకుండా 1953లో చికాగోలో స్టాన్లీ మిల్లర్ చేసిన ప్రయోగం కూడా చెప్పాను. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి గాజు బుడ్డిలో పెట్టి, మెరుపుల్లాగా కరెంటు స్పార్కులు ఇచ్చాడు. వారం రోజుల్లో అందులో గ్లైసిన్, అలనైన్ లాంటి అమినో ఆమ్లాలు తయారయ్యాయి. మన ఒంట్లో ప్రోటీన్లకు ఇటుకలు అవే.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది: "అయితే ఆ బుడ్డిలో ప్రాణం వచ్చిందా?"

రాలేదు. ఇటుకలు వచ్చాయి, ఇల్లు రాలేదు. ఉత్త రసాయనాల నుంచి జీవకణాన్ని ఇంతవరకు ఏ ల్యాబూ పుట్టించలేదు.

"చూశారా, సైన్స్ ఓడిపోయింది" అనడం ఇక్కడ చాలా సులభం. నేను అనను. రేపు ఆ ఖాళీ కూడా నిండితే, శ్రీకాళహస్తి గర్భగుడిలో రెపరెపలాడే దీపానికి మొక్కడం మానేస్తామా? మనకు తెలియని చోట మాత్రమే దేవుణ్ణి పెడితే, తెలిసేకొద్దీ ఆయన చిన్నవాడైపోతాడు.

జె.బి.ఎస్. హాల్డేన్ 1929లోనే, తొలి సముద్రాలు పలుచటి వేడి సూపులాగా ఉండేవనీ, జీవం అందులోంచే మొదలైందనీ రాశాడు. 1957లో ఇండియాకు వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని వీలునామా రాసుకున్నాడు. జీవం రసాయనాల్లోంచి వచ్చిందని నమ్మిన మనిషి కూడా, తన ఒంటిని "ఉత్త రసాయనమే కదా" అని వదిలేయలేదు.

జీవం ఎట్లా పుట్టింది అనేది ఒక ప్రశ్న. దాని విలువ ఎంత అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ల్యాబ్‌లో వెతకాల్సిందే. ఆ జవాబు తెచ్చి రెండో ప్రశ్న నోరు మూయించాలని చూశాను, అదీ నా తప్పు. ఆరోజు అవ్వ సిద్ధాంతం చెప్పలేదు. తాత లేడని చెప్పుకుంది, అంతే.

సంవత్సరీకం అయ్యాక అవ్వను శ్రీకాళహస్తికి తీసుకెళ్ళాను. దారిలో ఏర్పేడు, ఐఐటీ, ఐసర్ ఉండే మండలం. "ఈడ పిల్లోళ్ళు ఏం చదువుతారు నాయనా?" అనింది. "నువ్వు అడిగిందే అవ్వా" అన్నాను. నవ్వింది. గుళ్ళో దీపం ఊగుతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఈసారి నేనేమీ వివరించలేదు.

ఓం నమః శివాయ.