బావి ఉమ్మడి కానినాటి బాణీ

పాటా, నీకు దండం! నువ్వు పుట్టింది గోదావరి సీమలో. నేను నిన్ను విన్నది పెన్న దిగువన, అల్లూరులో, అంబేడ్కర్ జయంతి పందిట్లో. మైకు గరగరలాడుతోంది. ఇసకపల్లి వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. డప్పులు ఆగిన సందులో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని నిన్ను ఎత్తుకున్నాడు. మొదటి మాట చెవిన పడగానే నాకు తెలిసిన పాటే అనుకున్నాను. బళ్లో చెప్పిందే గదా, తెల్లదొరల మీద కట్టిందే గదా! ఆ వెంటనే వచ్చిన మాటకు ఒళ్లు ఝల్లుమంది. దొర మారిపోయాడు.

తెల్లదొరను వద్దన్న పాట గరిమెళ్ళ సత్యనారాయణది. సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా మోగింది. రాసినందుకు ఆయన జైలుకు పోయాడు. తెలుగు నేలంతా ఆ పాట మత్తులో ఉండగా రాజమహేంద్రవరం దళితకవి కుసుమ ధర్మన్న అదే పల్లవిని అందుకుని 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. అంతటితో స్వాతంత్ర్య గీతమే స్వాతంత్ర్యాన్ని నిలదీసింది. ఏమి గుండె ధైర్యం! ఊరంతా ఒక్క శత్రువు వైపు వేలు చూపిస్తున్న వేళ ఆ వేలిని పట్టుకుని ఊరి నడిబొడ్డుకు తిప్పడం మాటలా?

గరిమెళ్ళ పాటలో ఉప్పు గోడు ఉంది. ఉప్పు ముట్టుకోవద్దన్నవాడు తెల్లదొర. మనిషిని ముట్టుకోవద్దన్నవాడు నల్లదొర. పక్కనే ఉప్పుగాలి వీస్తున్న ఊళ్లో నిలబడి వింటే ఈ రెండు నిషేధాల్లో ఏది పాతదో, ఏది లోతుగా దిగిందో ఎవరూ విడమరచనక్కర్లేదు. ఏడాది పొడవునా పాలేరుతనం చేసినా పస్తు తప్పని బతుకును నువ్వు ఎలుగెత్తి చెబుతుంటే, చరిత్ర పాఠంలో నేను తేదీలుగా బట్టీపట్టినదంతా ఒక్కసారిగా ఆకలిగా, దాహంగా మారింది. అంటరానితనం గురించి అంతకు ముందు చదవలేదని కాదు. చదివాను, పరీక్ష రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. పాట మాత్రం మార్కులు వేయదు, ముఖంలోకి చూస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది నీ బాణీ. వేరే వరస కట్టుకోవచ్చు, కట్టుకోలేదు. అప్పటికే అందరి నాలుకల మీద ఆడుతున్న పల్లవినే ఎంచుకున్నావు. బావి ఉమ్మడి కాని రోజుల్లో బాణీని ఉమ్మడి చేసేశావు! చేదను తాకనివ్వనివాళ్లు రాగాన్ని ఎలా ఆపగలరు? విన్నవాడు వద్దనుకున్నా లోలోపల నీతో గొంతు కలుపుతాడు, ఆ పల్లవి వాడికి ముందే వచ్చు కాబట్టి. ఇంత తెలివైన సత్యాగ్రహం ఇంకొకటి నాకు తెలియదు.

ఆ కాలం ఎలాంటిదో మా నెల్లూరు జిల్లాకూ తెలుసు. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన పుచ్చలపల్లి సుందరయ్యకు అప్పటికి ఎనిమిదేళ్లు నిండలేదు. అల్లూరుకు ఎంతో దూరం లేని అలగానిపాడు ఆయన ఊరు. భూములున్న ఇంట పుట్టిన ఆ కుర్రవాడు పెద్దయ్యాక పేరు చివరి కులాన్ని తీసేశాడు. అంటరానితనం మీద, కూలీల బతుకు మీద కొట్లాటను సొంత ఊళ్లోనే మొదలుపెట్టాడు. దూరపు దొరను తిట్టడం తేలిక. ఇంటి పెద్దల ఎదుట నిలబడాలంటే నీలాంటి గుండె కావాలి.

సముద్రం అవతలా నీకు తోబుట్టువులున్నారు. అమెరికాలో నల్లవాళ్లు చర్చిలో పాడుకునే కీర్తన 1945లో చార్ల్‌స్టన్‌లో పొగాకు కార్మికుల సమ్మెలోకి నడిచింది. మరికొన్నేళ్లకు 'వియ్ షల్ ఓవర్‌కమ్' అయి, 1963 ఆగస్టులో వాషింగ్టన్‌ పౌరహక్కుల సభలో లక్షల గొంతుల్లో పలికింది. దాని దారీ నీ దారే, ఉన్న పాటను పట్టుకుని లేని హక్కును అడగడమే. అంతకు ముందు 1959లో ఆ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చాడు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేశాడట. కింగ్ మనసు మొదట చివుక్కుమంది. తర్వాత తన దేశపు నల్లవాళ్ల బతుకు తలుచుకుని, అవును, నేను అంటరానివాణ్నే అనుకున్నాడు. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ రోజు ఆ బడిలో నిన్ను ఎవరైనా పాడి ఉంటే, భాష రాకపోయినా ఆయన తాళం వేసేవాడని నా నమ్మకం.

పందిట్లో పాట అయిపోయాక ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి బాగా పాడారన్నాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "తెల్లోడు పోయి ఇన్నేళ్లయింది గదబ్బయా, వాడి మీద పాట పుస్తకంలో ఉండాది. రెండోది మేమే గదా మోసుకొస్తా ఉండాం?" అన్నాడు.

పాటా, నిన్ను బళ్లకు తీసుకెళ్లాలి. గరిమెళ్ళ పాట ఎడమ పేజీలో, నువ్వు కుడి పేజీలో ఉండాలి. పంతులమ్మ మొదటిది పిల్లలందరిచేతా గట్టిగా పాడించి, వాళ్లు చప్పట్లు కొట్టేలోపే రెండోది ఎత్తుకోవాలి. అప్పుడు వెనక బెంచీలోంచి ఏ ప్రశ్న లేచినా, దానికి జవాబు చెప్పేదాకా గంట కొట్టకూడదు.