చెయ్యి తిరిగినవాడికి చీటీ

పని వచ్చినవాడికి పట్టా ఎందుకండీ అన్న అనుమానం మనలో చాలామందికి వుంటుంది. మా తాతలనాటి ఇల్లు కట్టిన తాపీమేస్త్రీకి ఏ బడీ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఆ గోడలు ఇంకా నిలబడే వున్నాయి. పట్టా వుండీ పని రానివాళ్లనీ చూశాం, వాళ్ల పేర్లు మనకెందుకు. అందుచేత చెయ్యే సాక్షి, చీటీ కాదు అనే వాదం నాకు మొదట్నుంచీ ఇష్టం. దానికి అడ్డం తగిలినవాడు ఇంగ్లండులో ఒక ప్లంబరు.

అక్కడ మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్లున్నాను. వంటింటి కుళాయి కారుతుంటే ఆయనొచ్చాడు. ఇరవయ్యేళ్లుగా అదే పనిట. పది నిమిషాల్లో కుళాయి నోరు మూయించాడు. మా అల్లుడు, మన అలవాటు ప్రకారం, "ఎలాగూ వచ్చారు, ఆ గ్యాసు గొట్టం కూడా రెండడుగులు ఇటు జరిపెయ్యండి, కొత్త పొయ్యి పెట్టుకోవాలి" అన్నాడు. ఆయన తల అడ్డంగా వూపాడు. గ్యాసు పని నేర్చుకుంటున్నాడట, పరీక్షలు ఇంకా అవలేదట. నీళ్లకీ అదే రాగిగొట్టం, గ్యాసుకీ అదే. అతుకు వేసే చెయ్యీ అదే. మరి అడ్డేమిటి? చట్టం సంగతి సరే. అక్కడ ప్లంబరుగా బతకడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, వృత్తిగా గ్యాసు ముట్టుకోవాలంటే 'గ్యాస్ సేఫ్ రిజిస్టర్'లో పేరుండి తీరాలి. అయితే ఆయన చెప్పిన కారణం అది కాదు.

"నేను వేసిన నీళ్ల అతుకు కారితే మీరు ఫోన్ చేసి తిడతారు. గ్యాసు అలా కాదు" అన్నాడు.

నిజమే, నీళ్లు దాపరికం ఎరగవు. తప్పు జరిగితే గోడ చెమ్మగిల్లుతుంది, కింది వాటావాళ్లు పోట్లాటకొస్తారు. గ్యాసుకి సొంత వాసనే లేదు; మనం ముక్కు మూసుకునే ఆ కంపు, లీకు తెలియాలని పనిగట్టుకుని కలిపేది. సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ కంపూ వుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం. జలుబు చేసిందనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటాం, అదే ఇంట్లో. ఇరవయ్యేళ్ల అనుభవం అంటాం గానీ, అనుభవమనేది తప్పు చేసినప్పుడు తిన్న మొట్టికాయల వల్లే కదా వచ్చేది! దెబ్బ తనకి కాక ఇంకొకరికి తగిలేచోట చెయ్యి ఎలా తిరుగుతుంది?

1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల మేడలో, 18వ అంతస్తు ఇల్లాలొకామె టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. మేడ మూలంతా పేకముక్కల్లా కూలింది. నలుగురు పోయారు, ఆవిడ బతికింది. కట్టడంలోనే లోపం వుందనుకోండి. కానీ గ్యాసు బయటికొచ్చింది పొయ్యికి గొట్టం కలిపే నాసిరకం ఇత్తడి నట్టు దగ్గర. 1970లో కోర్గీ అనే సంస్థ పుట్టింది (రాణీగారి కుక్కల జాతి పేరే, సంబంధం మాత్రం లేదు). 1991లో నమోదు తప్పనిసరి అయింది. 2009 ఏప్రిల్ 1న దాని చోట్లోకి గ్యాస్ సేఫ్ వచ్చింది.

నీళ్ల ప్లంబరుకి గొట్టం లోపలే లోకం. గ్యాసువాడు గది మొత్తాన్ని చదవాలి. గాలి ఎక్కణ్ణించి వస్తోంది, పొగ ఎటు పోతోంది, చలికి ఎవరో గుడ్డలు కుక్కిన కంత ఏది. ఇంక అతుకుల పరీక్షకి యు ఆకారపు గొట్టంలో నీళ్లు పోసి తగిలిస్తారు. ఎలక్ట్రానిక్‌వీ వచ్చాయిలెండి. ఇళ్లలో గ్యాసు ఒత్తిడి ఎంతో కాదు, జానెడు నీళ్లని నిలబెట్టేపాటిది. ఆ నీళ్లు దిగుతాయేమో అని రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూడాలి. ఇరవయ్యేళ్లు నీళ్లతో కాపురం చేసినవాడికి ఇక్కడా నీళ్లే సాక్ష్యం చెప్పడం నాకు ముచ్చటేసింది.

అసలు చిక్కు వేరే వుంది. రిజిస్టరులో పేరున్న ఇంజనీరు వెంట తిరిగి, ఆయన కళ్లెదుట చేసిన పనుల చిట్టా చూపించాలి. ఆ రోజుల్లో ఈయనకి సంపాదన లేదు. నలభై దాటినవాడు కుర్రాడిలా ఇంకొకరి సంచీ మొయ్యాలి. అదైనా సరే, మోయించుకునేదెవరు? రేపు తన గిరాకీకి గండికొట్టేవాణ్ణి ఇవాళ చెయ్యిపట్టి దిద్దేదెవరు? ఆరుగురు కుదరదన్నారట, ఏడో ఆయన సరేనన్నాడట. చట్టం చీటీని తప్పనిసరి చేసింది గానీ, నేర్పడాన్ని ఎవరికీ తప్పనిసరి చెయ్యలేదు. ఆ ఏడో మనిషి ఏ చట్టంలోనూ కనపడడు.

చీటీ వున్నవాడు కక్కుర్తి పడడా? పడొచ్చు. అక్కడ అయిదేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెడతారు, ఎంత పెద్దవాడికైనా. మాకు పాఠాలు చెప్పిన మేష్టార్లకి ఇలా పెట్టివుంటే ఎందరు గట్టెక్కేవారో అనుకున్నాను. నా సంగతి అడక్కండి.

వారం తిరిగాక గొట్టం జరపడానికి ఆ ఏడో ఆయనే వచ్చాడు, వెనకాల సంచీతో మన ప్లంబరు. వస్తూనే పసుపు కార్డు చేతికిచ్చాడు. ముందు ఫొటో, గడువు తేదీ. వెనక ఏయే పనులకి అర్హుడో ఆ పట్టీ. బాయిలరుకి పనికొచ్చినవాడు పొయ్యికీ పనికొస్తాడని లేదుట. ఇంటికొచ్చిన మనిషిని అనుమానించినట్టుంటుందని మా అమ్మాయి మొహమాటపడి, చూడకుండానే తిరిగివ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు. "వెనకవైపు కూడా చదవండి" అన్నాడు. అమ్మాయి ఒక్కొక్క వరసే చదువుకుంటూ పొయ్యి దాకా వచ్చింది. అప్పుడుగానీ మన ప్లంబరు సంచీ కింద దింపలేదు.