గోడకెక్కిన పేటియా

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల తండాల్లో ఇప్పటికీ కొన్ని పెట్టెల్లో యాడి కుట్టుకున్న పాత పేటియా దొరుకుతుంది. బట్ట చివికినా అద్దాలు మెరుస్తూనే ఉంటాయి. ఆ అద్దాలు, గవ్వలు, కుట్టు ముక్కలు కోసి, చెక్కకు అతికించి గోడకు తగిలిస్తే తప్పా? తప్పు కాదు. పెట్టెలో పురుగు తినడం కన్నా గోడమీద ఉండడం మేలు. కానీ పటం చూసే బిడ్డకు ఆ కుట్టు రాకపోతే, మిగిలింది అందమే, విద్య కాదు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, అక్కడి ఆడవాళ్ల చేతుల్లో సూది ఇంకా ఆడుతున్నందుకే. పటం అమ్మితే కుట్టిన యాడి పేరు చెప్పాలి, ఆమె వాటా ఇవ్వాలి. టీచర్లూ, వారానికో పీరియడ్ తండా యాడిని బడికి పిలవండి. పిల్లలు ముందు సూది పట్టనీ, కత్తెర తర్వాత.