క్యాచర్‌లో పిచర్ ముందే ఉన్నాడా?

కార్యం పుట్టడానికి ముందే తన కారణంలో ఉంటుందా, లేక పుట్టినప్పుడే కొత్తగా ఉనికిలోకి వస్తుందా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలను శతాబ్దాల పాటు రెండు పక్షాలుగా చీల్చింది. కార్యం కారణంలో అవ్యక్తంగా ముందే ఉన్నదనే సాంఖ్యుల సిద్ధాంతాన్ని సత్కార్యవాదమని, పుట్టుకకు ముందు అది లేనే లేదనే న్యాయ వైశేషికుల సిద్ధాంతాన్ని అసత్కార్యవాదమని అంటారు. శాస్త్రగ్రంథాలలో ఈ వాదం ఎక్కువగా జడపదార్థాల మీదే నడిచింది గాని, మనిషి నేర్పు విషయంలో ఇదే ప్రశ్న వేస్తే దాని బరువు చాలా పెరుగుతుంది. ఎందుకంటే ఇచ్చే సమాధానాన్ని బట్టి ఆ మనిషి పడిన శ్రమకూ, వెనక గడిపిన ఏళ్లకూ కట్టే విలువ మారిపోతుంది. అమెరికాలోని మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో మైదానపు ఆటగాడు రిలీఫ్ పిచర్‌గా మారే సందర్భం ఈ విచారానికి ఎంతో అనువైనది.

బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బ్యాటర్ వైపు బంతి విసిరేవాడు పిచర్. ఆ బంతిని బ్యాటర్ వెనక కూర్చొని అందుకొనేవాడు క్యాచర్. క్యాచర్‌తో పాటు షార్ట్‌స్టాప్, ఫస్ట్ బేస్‌మన్ మొదలైన స్థానాలలో నిలిచేవారందరినీ పొజిషన్ ప్లేయర్లు అంటారు. వీరి ఎదుగుదల చాలావరకు బ్యాటింగ్ మీద ఆధారపడుతుంది. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ అలసినప్పుడు గాని తడబడినప్పుడు గాని వచ్చి, తరచు ఒక్క ఇన్నింగ్స్ మాత్రమే విసిరి వెళ్లేవాడు రిలీఫ్ పిచర్. అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని జట్లు యువకులను తయారు చేసుకొనే కింది అంచెల పోటీలే మైనర్ లీగ్. అక్కడ ఏళ్ల తరబడి బ్యాటింగ్ కుదరక, చేతి విసురులో మాత్రం అసాధారణమైన బలం కనబరిచే ఆటగాడిని పిచర్‌గా మారమని జట్టు యాజమాన్యం కోరడం కద్దు. ఆ మార్పు సాధారణంగా రిలీఫ్ స్థానంలోకే జరుగుతుంది. ఆట మొదలుపెట్టే పిచర్‌కు నాలుగైదు రకాల బంతులూ చాలాసేపు నిలిచే ఓపికా కావలసి ఉండగా, ఒక్క ఇన్నింగ్స్‌కు వేగమైన బంతి ఒకటీ దానికి తోడు మరొకటీ ఉంటే సరిపోవడమే అందుకు కారణం.

క్యురసావ్ ద్వీపంలో పుట్టిన కెన్లీ జాన్సెన్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ సంస్థలో క్యాచర్‌గా చేరి, 2009లో ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్ పోటీలో నెదర్లాండ్స్ జట్టుకు క్యాచర్‌గానే ఆడి, అదే సంవత్సరం మైనర్ లీగ్‌లో పిచర్‌గా మారాడు. 2010 జూలైలో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 2023 నాటికి 400 సేవ్‌లు దాటాడు. సేవ్ అంటే స్వల్ప ఆధిక్యంలో ఉన్న జట్టును చివరి వరకు కాపాడి గెలిపించిన రిలీఫ్ పిచర్‌కు దక్కే లెక్క. అతడి ప్రధానాయుధమైన కట్టర్, అంటే చివరి క్షణంలో కొద్దిగా పక్కకు జరిగే వేగబంతి, అతడి విసురులో చాలావరకు సహజంగానే ఉన్నదని చెబుతారు. సాంఖ్యులకు ఇంతకన్నా అనుకూలమైన దృష్టాంతం దొరకదు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలోని తొమ్మిదో కారిక సత్కార్యవాదానికి అయిదు హేతువులు చూపుతుంది. లేనిదానిని ఎవరూ పుట్టించలేరని, నూనె కావలసినవాడు నువ్వులనే వెతుకుతాడు గాని ఇసుకను కాదని, అన్నిటి నుంచీ అన్నీ పుట్టవని, శక్తి గలది తనకు శక్యమైనదానినే పుట్టిస్తుందని, కార్యం కారణస్వభావమే కలిగి ఉంటుందని వాటి సారం. శిక్షకులు జట్టులోని అందరినీ కాక జాన్సెన్‌నే ఎందుకు ఎంచుకొన్నారంటే, బేస్ దొంగిలించబోయిన, అంటే పిచర్ బంతి విసిరే సమయంలో తరువాతి బేస్‌కు పరుగెత్తబోయిన, ఆటగాణ్ని ఔట్ చేయడానికి అతడు విసిరే విసురులో పిచర్ అప్పటికే అవ్యక్తంగా ఉన్నాడు కాబట్టి అని ఈ పక్షం వారు చెబుతారు.

న్యాయదర్శనం వారైన నైయాయికులు ఇక్కడ అడిగే ప్రశ్న పదునైనది. పిచర్ ముందే ఉంటే ఇంత సాధన ఎందుకు? ఉన్నదాన్ని వ్యక్తపరచడానికే అని సాంఖ్యులు సమాధానం చెప్పినప్పుడు, ఆ వ్యక్తమవడమన్నది ముందే ఉన్నదా లేదా అని నైయాయికులు మళ్లీ అడుగుతారు. ఉన్నదంటే సాధన వ్యర్థమవుతుంది, లేదంటే లేనిది పుట్టిందని ఒప్పుకొన్నట్టవుతుంది. జాన్సెన్ విషయంలో ఈ ఆక్షేపణ తర్కక్రీడగా కనిపించవచ్చు గాని, ట్రెవర్ హాఫ్‌మన్ జీవితం దానికి ప్రాణం పోస్తుంది. 1989లో సిన్సినాటి రెడ్స్ అతణ్ని షార్ట్‌స్టాప్‌గా తీసుకొన్నది; బ్యాటింగ్ సాగకపోవడంతో, చేతి బలాన్ని చూసి 1991లో పిచర్‌గా మార్చింది. అంటే శిక్షకులు అతడిలో ఉన్నదని గుర్తించినది వేగం. ఆ వేగం భుజం గాయంతో, తరువాతి శస్త్రచికిత్సతో తగ్గిపోయింది. అతడిని 601 సేవ్‌ల వరకూ, 2018లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వరకూ నడిపించినది వేగబంతి విసిరినట్టే చేయి ఊపి నెమ్మదిగా వదిలే ఛేంజప్, అంటే అతడు పిచర్ అయిన తరువాత నేర్చుకొని, గాయం తరువాత తన ఆటకు ఆధారం చేసుకొన్న బంతి. షార్ట్‌స్టాప్‌గా నిలబడిన ఆ యువకుడిలో ఛేంజప్ అవ్యక్తంగా ఉన్నదని అనడం కన్నా, లేనిదానిని అతడు సంపాదించాడనడమే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

అయితే నువ్వులూ ఇసుకా ఒకటి కావన్న సాంఖ్యుల మాట నిలబడే ఉంటుంది. దీనికి న్యాయశాస్త్రం ఇచ్చే పరిష్కారం, ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సంక్షిప్తంగా నిర్వచించిన ప్రాగభావం. ఒక వస్తువు పుట్టకముందు దాని లేమికి ప్రాగభావమని పేరు. ఈ లేమికి ఆది లేదు, అంతం మాత్రం ఉంది, వస్తువు పుట్టగానే అది తొలగిపోతుంది. ఈ లేమి ఎక్కడపడితే అక్కడ ఉండదు, ఆ కార్యానికి తగిన ఉపాదానంలోనే, అంటే అది దేని నుంచి తయారవుతుందో ఆ పదార్థంలోనే, ఉంటుంది. హాఫ్‌మన్ చేతిలో పిచర్ లేడు. కాని అది పిచర్ పుట్టదగిన లేమి. అందరి చేతులలోనూ ఉండే లేమి అది కాదు. ప్రతిభను గురించి ఇంత వినయంగా, ఇంత ఖచ్చితంగా మాట్లాడిన భావన మరొకటి కనిపించదు. అది సహజబలాన్ని కాదనదు, సాధనకు దక్కవలసిన గౌరవాన్నీ తగ్గించదు.

షాన్ డూలిటిల్ కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. 2007లో ఓక్లాండ్ జట్టు తీసుకొన్న ఈ ఫస్ట్ బేస్‌మన్ మోకాళ్ల శస్త్రచికిత్సలు, మణికట్టు గాయం దాటి, 2011లో పిచింగ్‌కు మళ్లి 2012లోనే మేజర్ లీగ్ చేరాడు. అయితే విశ్వవిద్యాలయంలో అతడు పిచర్ కూడా. ఇక్కడ మార్పు చాలావరకు పునరాగమనమే కాబట్టి, ఈ చోట కూడా సాంఖ్యుల భాష సులభంగా అమరుతుంది.

ఈ సిద్ధాంతాలన్నీ పూర్తయిన జీవితాలను వెనక్కి తిరిగి చూసి చెప్పినవే అన్నది అసలు కష్టం. మార్పు జరిగే రోజున మైనర్ లీగ్ మైదానంలో శిక్షకుడికి తెలిసినది చేతి విసురులోని వేగం ఒక్కటే. దాని నుంచి ఇతడు పిచర్ కాగలడని అతడు ఊహించడాన్ని న్యాయ పరిభాషలో అనుమానం, అంటే గుర్తును బట్టి కనబడనిదానిని తెలుసుకోవడం అంటారు. ఆ అనుమానం నిలవాలంటే గుర్తుకూ, సాధ్యానికీ అంటే నిరూపించవలసినదానికీ, తప్పని సాహచర్యం, అనగా వ్యాప్తి, ఉండాలి. వేగమున్నా బంతిని అదుపులో పెట్టలేక వెనుదిరిగిన వారు ఎందరో ఉన్నారు గనుక ఆ వ్యాప్తి లేదు, శిక్షకుడి హేతువు సవ్యభిచారం, అంటే సాధ్యం లేనిచోట కూడా కనిపించే దోషహేతువు. ప్రాగభావమైనా కార్యం పుట్టిన తరువాతనే నిశ్చయంగా తెలుస్తుంది. పిచర్ ఎన్నడూ పుట్టకపోతే ఆ లేమిని ప్రాగభావమనడానికే వీలుండదు.

దీని నుంచి ఒక ధర్మనిర్ణయం తప్పనిసరిగా వస్తుంది. జరిగేది జ్ఞానం కాదు, ప్రయోగమైతే, దాని ఫలితానికి ప్రయోగం తలపెట్టిన సంస్థ కూడా బాధ్యత వహించాలి. సత్కార్యవాదాన్ని తెలియకుండానే నమ్మే లోకం, గెలిచినవాడి విషయంలో అతడిలో ఉన్నది బయటపడిందని, ఓడినవాడి విషయంలో అతడిలో ఏమీ లేకపోయిందని అంటుంది. రెండో మాట అన్యాయం. బ్యాట్‌ను, దానితో గడిపిన యౌవనాన్ని వదులుకొని, కొత్త కదలికకు అలవాటుపడని భుజంతో ఏళ్ల చిన్నవారి మధ్య మొదటి పాఠం నేర్చుకోవడానికి నిలబడిన మనిషి, చివరకు పిచర్ కాకపోయినా, శూన్యమని తేలినవాడు కాదు. 2023లో తొలి సమష్టి ఒప్పందం కుదిరే వరకు మైనర్ లీగ్ ఆటగాళ్లు అత్యల్ప జీతాలతో ఈ ప్రయోగాల భారం మోశారన్నది కూడా ఈ విచారంలో భాగమే; సంస్థ తన ఊహకు మూల్యం తాను చెల్లించినప్పుడే, ఆ ఊహకు తన శరీరాన్ని అప్పగించిన ఆటగాడితో అది సమానంగా నిలబడినట్టవుతుంది.