ఒకే విద్యుత్తు, వేర్వేరు వెలుగులు

బాచుపల్లిలోని ఏ అపార్టుమెంటునందైనను సంధ్యవేళ మీటలు నొక్కగనే, ఒకే సరఫరానుండి సమాంతరముగా చీలిన తీగలపై ప్రతి బల్బును సుమారు 230 వోల్టుల పీడనమునే పొందును. అయినను 100 వాట్ల బల్బు దేదీప్యమానముగను, దాని చెంతనున్న 60 వాట్ల బల్బు కొంత మందముగను వెలుగుచుండును. ఇచ్చువానియందు పక్షపాతము లేదు. వెలుగుచున్నప్పుడు మొదటిదాని ఫిలమెంటు నిరోధము సుమారు 529 ఓములు, రెండవదానిది 880 ఓములు అగుటయే ఈ భేదమునకు హేతువు.

ఇటులనే, ఈశ్వరుడు సముడైనచో జీవులయందు ఇంత తారతమ్యమేల యను ప్రశ్నకు బ్రహ్మసూత్రములు కర్మమును కారణముగా జూపినవి. వాన యెల్ల పైరులకు సమానమే, భేదము విత్తనమునుబట్టియే యని శంకరులు తమ భాష్యమున వివరించిరి. అయితే ఈ సిద్ధాంతమును అడ్డుపెట్టుకొని దీనునియెడ ఉదాసీనులమగుట ధర్మము కాదు. మరల దీపములనే చూడుడు. శ్రేణిలో గూర్చిన దీపములలో ఒకటి తెగినచో అన్నియు నారును. సమాంతరవలయమునందన్ననో, మూలపీడనము నిలకడగా నున్నంతవరకు, వేరొక దీపము వెలిగినంతమాత్రమున మన దీపము తగ్గదు. పరుల యభ్యుదయము మన వెలుగును హరింపదని దీనివలన స్పష్టమగుచున్నది. అసూయకు ఆధారమే లేదు. కావున, పాఠకులారా, పొరుగింటి దీపము వెలుగుటకు చేయూతనిండు. సమదర్శనమునకు అదియే తొలిమెట్టు.