పరాయి చెట్టు నేరం చేసిందా?

చెట్టు నాటడం పుణ్యకార్యమని మన సమాజంలో తెలియనివారు ఉండరు. నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవాని పేర సదఖా (దానం)గా నమోదవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అయితే ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. మనం నాటిన చెట్టు ఇతరుల పశువుల మేతను మింగేస్తే? చెరువు గర్భాన్ని ఆక్రమించి, పేదవాని దారికి అడ్డంగా నిలిస్తే? అప్పుడు కూడా అది దానమేనా?

పాడైపోయిన అడవుల విషయంలో నేడు రెండు వాదనలు వినిపిస్తున్నాయి. పరాయి దేశపు మొక్కలన్నీ శత్రువులే, వాటిని వేళ్ళతో పెకిలించాలి అంటారు కొందరు. పచ్చగా ఉంటే చాలు, ఏ చెట్టయితేనేం అంటారు మరికొందరు. మా దృష్టిలో ఈ రెండు వాదనల్లోనూ న్యాయం లోపించింది. ఎందుకో చూద్దాం.

కడప నుండి కచ్ వరకు

మనం సర్కారు తుమ్మ అని పిలుచుకునే ముళ్ళ చెట్టు ఈ గడ్డది కాదు. దాని స్వస్థలం అమెరికా ఖండం. 1877లో కడప జిల్లా కమలాపురంలో దాన్ని నాటించారు. వంటచెరకు కరువైన మెట్ట ప్రాంతాలకు అది మేలు చేస్తుందని ఆనాటి మద్రాసు అటవీ అధికారులు భావించారు. మేలు జరగలేదని అనలేము. వానలు లేకపోయినా, నేల చవుడుబారినా ఆ చెట్టు బతుకుతుంది. ఎన్నో పేద ఇళ్ళలో పొయ్యి వెలిగింది దాని కట్టెతోనే. దాని బొగ్గు కాల్చి అమ్ముకుని పొట్ట పోసుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

కాని దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, పశువులు వాటిని ఇష్టంగా తింటాయి. గింజలు మాత్రం అరగకుండా పేడతో పాటు కొత్త చోట పడి మొలుస్తాయి. నరికితే మోడు నుండి మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. అలా అది చేలగట్లకు, చెరువులకు, పచ్చిక బీళ్ళకు, చివరికి మన ఖబరస్తాన్‌లకు కూడా పాకింది.

ఇదే చెట్టును గుజరాత్‌లోని కచ్ జిల్లాలో, బన్నీ అనే విశాలమైన పచ్చిక మైదానంలో 1961లో నాటారు. పక్కనే ఉన్న రణ్ ఉప్పు ఎడారి ముందుకు రాకుండా ఆపాలన్నది ఉద్దేశం. బన్నీలో తరతరాలుగా ఆవులు, గేదెలు మేపుకుని బతికే మాల్ధారీలు ఉన్నారు. వారిలో అత్యధికులు ముస్లిములే. కొన్ని దశాబ్దాలలో ఆ తుమ్మ గడ్డి నేలలో ఎంతో భాగాన్ని కప్పేసింది. దూరం నుండి చూసేవానికి అక్కడ పచ్చదనం పెరిగింది. పశువులు గలవానికి మాత్రం మేత తరిగింది. అక్కడివారు దానికి పెట్టిన పేరు 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ!

ఒక ద్వీపం చెప్పే మరో మాట

ఇంతటితో తీర్పు చెప్పేస్తే అది ఏకపక్షం అవుతుంది. కరీబియన్ సముద్రంలో పోర్టోరికో అనే ద్వీపం ఉంది. చెరకు కోసం, కాఫీ కోసం, పశువుల మేత కోసం అక్కడి అడవులను ఎంతగా నరికారంటే, 1940ల నాటికి సుమారు 6 శాతం మాత్రమే మిగిలింది. తరువాత ప్రజలు సేద్యం వదిలి పట్టణాలకు, కర్మాగారాలకు తరలిపోయారు. సారం కోల్పోయిన ఆ పొలాల్లో స్థానిక చెట్లు మొలకెత్తలేకపోయాయి. అక్కడ మొదట నిలదొక్కుకున్నది ఆఫ్రికా నుండి వచ్చిన తులిప్ చెట్టు. ఎర్రని పూలతో మన నగరాల రోడ్ల పక్కన కనిపించే చెట్టే అది. దాని నీడలో నేల మళ్ళీ సారవంతమైంది. పక్షులు, గబ్బిలాలు తెచ్చి పడేసిన స్థానిక వృక్షాల విత్తనాలు ఆ నీడలోనే మొలిచాయి. నేడు ఆ ద్వీపంలో సగానికి పైగా అడవే. ఏరియల్ లూగో అనే అటవీ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దీన్ని పరిశీలించి, పరాయి చెట్లను గుడ్డిగా ద్వేషించవద్దని వాదించారు.

అయితే పసిఫిక్ ద్వీపాలలో ఇదే తులిప్ చెట్టు పొలాలను, అడవులను ఆక్రమించే పీడగా పేరుపడింది. చెట్టు ఒక్కటే. ఒకచోట వైద్యుడు, మరోచోట వ్యాధి!

న్యాయం ఏమంటుంది?

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతోంది. ఒక చెట్టు మంచిదా చెడ్డదా అన్నది దాని పుట్టినచోటు తేల్చదు. అది నిలబడిన చోట ఏం చేస్తోందన్నదే తేలుస్తుంది. వంశాన్ని చూసి మనిషికి విలువ కట్టరాదని ఇస్లాం మనకు నేర్పింది. అయితే మనిషికి నియ్యత్ (సంకల్పం) ఉంది, చెట్టుకు లేదు. కనుక చెట్టును నేరస్థుణ్ణి చేసి మనం తప్పించుకోలేము. అడవిని నరికింది మనిషే, విత్తనం తెచ్చింది మనిషే. భూమి అతని చేతిలోని అమానత్. లెక్క అతనే చెప్పుకోవాలి.

ఇస్లామీయ ధర్మశాస్త్రం (ఫిఖహ్)లో ఒక సూత్రం ఉంది. హానిని తొలగించాలి, కాని అంతే హాని కలిగించే పద్ధతిలో తొలగించకూడదు. తుమ్మను ఒక్క వేసవిలో యంత్రాలతో పెకిలించి నేలను బోడిగా వదిలేస్తే ఏమవుతుంది? మట్టి కొట్టుకుపోతుంది, బొగ్గు కాల్చేవాని ఉపాధి పోతుంది, ఆ ఖాళీలో మళ్ళీ తుమ్మే మొలుస్తుంది. కొంత కొంతగా తీసి, వెంటనే ఆ నేలకు తగిన గడ్డిని, చెట్లను పెంచడమే సరైన మార్గం. ఏమీ మొలవని చోట పరాయి చెట్టు నీడ ఇస్తుంటే, స్థానిక మొక్కలు కోలుకునే వరకు దాన్ని ఉండనివ్వడంలో తప్పులేదు. గాయానికి కట్టిన కట్టు లాంటిది అది. గాయం మానక ముందే కట్టు పీకేయడం ఎంత పొరపాటో, కట్టునే చర్మం అనుకోవడం కూడా అంతే పొరపాటు.

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో ప్రభుత్వ పచ్చిక బయలు (హిమా)పై హునయ్ అనే సేవకుణ్ణి నియమించారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గల పేదలను లోనికి రానివ్వమని, పీడితుని మొరకు భయపడమని ఆయనకు తాకీదు చేశారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది. భూమికి సంబంధించిన ఏ నిర్ణయంలోనైనా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: దీనివల్ల బలహీనుని వాటా ఏమవుతుంది? బన్నీలో మొక్క నాటకముందే ఈ ప్రశ్న మాల్ధారీలను అడిగి ఉండవలసింది.

మనం కూడా మస్జిద్ ఆవరణలోనో, ఈద్‌గాహ్‌లోనో, ఖబరస్తాన్‌లోనో మొక్క నాటే ముందు ఒక్క క్షణం ఆగుదాం. దీని నుండి ఎవరు తింటారు? ఎవరికి నీడ దొరుకుతుంది? దీని గింజ పక్కవాని చేలో పడితే అతడు సంతోషిస్తాడా, బాధపడతాడా? ఊరి పెద్దలను, పశువుల కాపరులను అడిగి తెలుసుకుందాం. నాటిన తరువాత దాని బాగోగులు కూడా చూసుకుందాం. సదఖా నాటడంతో ముగిసేది కాదు, దాని ఫలితం పొందేవారితో కొనసాగేది.

అల్లాహ్ మనకు అప్పగించిన భూమి అనే అమానత్‌ను న్యాయంగా కాపాడే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.