ఆభరణ శోభ ఎవరిది?

నగ తనకొరకు తాను వెలుగదు. పెట్టెలో నున్నంతకాలము అది లోహము, రాయి మాత్రమే. ధరించిన దేహమునకు వన్నె తెచ్చినపుడే ఆభరణమను పేరు దానికి సార్థకమగును. భగవద్రామానుజులు జీవేశ్వర సంబంధమును వివరించుచు, పరునికి అతిశయమును కలిగించుటయే స్వరూపముగా గలది శేషమని నిర్వచించిరి. ఈ నిర్వచనమునకు నగకంటె సులభమైన దృష్టాంతము దొరకదు. ఐతే మహానగరములలో నగల చుట్టును అల్లుకొను తళుకును చూచినపుడు, అచ్చట ఎవరు ఎవరికి శేషము అను సందేహము కలుగక మానదు.

పారిస్ నగరమున జరిగిన ఒక ఉదంతము ఈ సందేహమునకు మంచి ఒరగల్లు. 1894 చివర సారా బెర్నార్ అను ప్రఖ్యాత నటి తన నాటకమునకు గోడపత్రిక కావలెనని కోరగా, మొరావియా దేశీయుడైన అల్ఫోన్స్ ముఖా అను చిత్రకారుడు వ్రాసి యిచ్చెను. మరుసటి జనవరి 1న అది వీధుల కెక్కినది. పెద్దగా పేరులేని అతడు జనుల నోట పడెను. 1898లో మెడియా నాటకమునకు వ్రాసిన చిత్రములో, భర్త ద్రోహమునకు పగబట్టి కన్నబిడ్డలనే చంపిన తల్లి నెత్తుటి కత్తితో నిలిచియుండును. ఆమె ముంజేతికి ఒక పాము చుట్టుకొని యుండును. అప్పటికది కాగితముపై గీత మాత్రమే. నటికి ఆ గీత నచ్చినది. 1899లో జార్జ్ ఫూకే అను నగల వర్తకుడు దానిని బంగారముతో, మీనాపనితో, ఓపల్ రాళ్లతో నిజము చేయించెను. కడియమునుండి వేలి ఉంగరమునకు సన్నని గొలుసులు కూడ అమర్చిరి.

పాము నగ మనకు వింత కాదు. మన ఆడపడుచుల జడపై నాగరము ఉన్నదే. ఇచ్చట గమనింపదగినది వేరు. నటి పాత్రకు లోబడెను, చిత్రకారుడు నటికి, పనివాడు చిత్రమునకు. ఆ పాము వట్టి సింగారము కాదు, హత్య చేసిన చేతికి గుర్తు. అందుచేతనే ఆ కూడిక పండినది.

తరువాతి కథ వేరు. 1901లో ఫూకే దుకాణమును ముఖాయే నెమళ్లతో, రంగుటద్దములతో తీర్చెను. అచ్చట నగకు సేవింపవలసిన పాత్ర లేదు. కొనువారికి అందముతోపాటు పేరులును కావలసెను. అభిరుచి మారినది. 1923లో ఆ అలంకారమంతయు విప్పివేయబడి, పిమ్మట కార్నవాలే ప్రదర్శనశాలకు చేరినది. పాము కడియము జపానులోని సకాయ్ నగరపు సొత్తైనది.

నటి, చిత్రకారుడు, వర్తకుడు, ఈ మూడు పేరులే లోకము చెప్పుకొనును. మీనాపని చేసిన చేతులను ఎవరును తలపరు. ఇందుకు పరదేశమును తప్పుపట్టుట సులభమే. 1513లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలేశునికి నవరత్న కిరీటమును సమర్పించిరి. శాసనము దాతను స్మరించుచున్నది. రత్నములు పొదిగిన కంసాలిని మనలో నెవరు స్మరించుచున్నారు? ఆ పనివాడు పేరు కోరక పనిచేసి యుండవచ్చును. అది అతని శేషత్వము. అతనిని అడుగకుండుట మాత్రము మన భక్తిలోని భాగము కాదు, అశ్రద్ధయే.

పూర్వము పెండ్లివారు కంసాలి ఇంటికి పోయి, మంగళసూత్రములకు బంగారమును అప్పగించి, బియ్యము, బెల్లము, తాంబూలము అతని చేత పెట్టెడివారు. అతని పేరు ఆ ఇంటివారందరికి తెలియును. బజారులో సిద్ధముగా దొరకు సూత్రములను కొనునాడు ఆ తాంబూలము ఎవరి చేత పెట్టవలెనో తెలియకున్నది.